కోత అయిందని కస్టమర్‌కి ఎలా తెలియాలి? ఒక సీజన్ మొత్తం ఎస్ఎంఎస్ వాడి చెబుతున్న రివ్యూ

నమస్కారం అండి. ఈసారి రివ్యూ చేస్తున్నది వస్తువుని కాదు, ఒక పద్ధతిని. తోటలో పండించినదాన్ని చుట్టుపక్కల వాళ్ళకే నేరుగా అమ్ముకునే రైతులు నన్ను తరచూ ఒక మాట అడుగుతుంటారు. "ఇన్ని యాప్‌లు, ఇన్ని గ్రూపులు ఉండగా ఇంకా మామూలు ఎస్ఎంఎస్ పెట్టి అమ్మడం ఏమిటండీ?" అని. నేను ఒక సీజన్ మొత్తం వాడి చూశాను కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. గంటల్లో వాడిపోయే సరుకు అమ్ముకునేవాళ్ళకి ఇంతకంటే బాగా పనిచేసేది నాకు కనబడలేదు. కాకపోతే దీన్ని కరపత్రాలు పంచినట్టు వాడితే మాత్రం ఉన్న కస్టమర్లు కూడా పోతారు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, తోట దగ్గర అమ్మకంలో అసలు సమస్య ధర కాదు, టైమ్. తెల్లవారుజామున కోసిన ఆకుకూర సాయంత్రానికి తల వాల్చేస్తుంది. బాగా పండిన టమాటా రేపటికి మెత్తబడుతుంది. మన దగ్గర సరుకుందని కస్టమర్‌కి రేపు తెలిస్తే ఉపయోగం లేదు, ఇప్పుడే తెలియాలి. ఎస్ఎంఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్ టవర్‌తో మాట్లాడుకునే సిగ్నల్ దారిలోనే అదీ వెళ్తుంది. డేటా అయిపోయినా, పాత బటన్ ఫోన్ అయినా, చేరుతుంది. నా కస్టమర్లలో పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరు ఏ యాప్ తెరవరు, కానీ మెసేజ్ మోత వినబడితే మాత్రం చూస్తారు.

ఇక నంబర్ల సంగతి. ఇక్కడే నేను మొదటి తప్పు చేశాను, దాచకుండా చెబుతాను. పాత ఆర్డర్ల పుస్తకంలో ఉన్న ఫోన్ నంబర్లన్నీ తీసి లిస్టులో ఎక్కించేశాను. మన దగ్గర కొన్నవాళ్ళే కదా, ఏమనుకుంటారులే అనుకున్నాను. మొదటి మెసేజ్ వెళ్ళిన గంటకి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. కోపంగా కూడా కాదు, నెమ్మదిగానే అడిగారు. "బాబూ, ఆ రోజు బండి ఆలస్యమైతే చెప్పడానికని నంబర్ తీసుకున్నావు. ఇప్పుడు దీనికి ఎందుకు వాడుతున్నావు?" నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజే లిస్టు మొత్తం తీసేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఇప్పుడు తూకం బల్ల పక్కన ఒక నోటు పుస్తకం ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో "కోత రోజు మెసేజ్ కావాలనుకునేవాళ్ళు మాత్రమే నంబర్ రాయండి. వారానికి రెండుకు మించి పంపం. వద్దనుకుంటే ఆపు అని రిప్లై ఇవ్వండి" అని ఉంటుంది. నంబర్ పక్కన తేదీ వాళ్ళ చేతే రాయిస్తాను. చాలా దేశాల్లో చట్టం కూడా ముందస్తు అనుమతి ఉండాలనే అంటుంది, ఆ అనుమతికి రుజువు కూడా మన దగ్గర ఉండాలి. మీరున్న చోట ఒకేసారి చాలామందికి పంపే బల్క్ మెసేజ్‌కి రిజిస్ట్రేషన్ కావాలా, ఏ వేళల్లో పంపకూడదు అన్నది మొదలుపెట్టకముందే కనుక్కోండి. పుస్తకంతో వచ్చిన లిస్టు పాతదానిలో సగం కూడా లేదు. కానీ మొదటి వారమే తేడా తెలిసిపోయింది. పాత లిస్టు నుంచి ఫిర్యాదులు వచ్చేవి, దీని నుంచి ఆర్డర్లు వస్తున్నాయి.

ఇప్పుడు కాస్త ఓపిక పట్టి వినండి, ఎందుకంటే డబ్బు ఎక్కడ పోతుందో ఇక్కడే ఉంది. ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయని అందరికీ తెలుసు. ఆ లెక్క 1985లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజినీర్ వేసినది. టైప్‌రైటర్ ముందు కూర్చుని మామూలు వాక్యాలు కొట్టి, అక్షరాలు లెక్కపెట్టి, ఒక విషయం చెప్పడానికి 160 చాలనుకున్నారు. మొదటి మెసేజ్ 1992 డిసెంబర్ 3న వెళ్ళింది. ఇన్నేళ్ళయినా ఆ కొలత మారలేదు. కానీ ఆ 160 ఇంగ్లిష్ అక్షరాలకే. తెలుగులో రాస్తే ఒక మెసేజ్‌కి 70 మాత్రమే.

పైగా ఆ 70లో గుణింతాలు, ఒత్తులు, సున్నాలు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "క్యాబేజీ" మన కంటికి మూడక్షరాలు. ఫోన్‌కి ఎనిమిది. క, దాని కింద పొల్లు, య, దీర్ఘం, బ, ఏత్వం, జ, దాని గుడి దీర్ఘం. నా మెసేజ్ ఒకటి తెర మీద పెడుతున్నాను, చూడండి.

"ఉదయం కోసిన టమాటాలు సిద్ధం. సాయంత్రం 6 లోపు పొలం దగ్గరే అమ్మకం."

ఖాళీలు, చుక్కలతో కలిపి ఇది 62. ఒక మెసేజ్‌లో హాయిగా సరిపోయింది. దీని చివర "కావాలంటే 2 అని పంపండి." అని కలిపాను. ఇప్పుడు 85. 70 దాటింది కాబట్టి రెండు ముక్కలైంది. ముక్కలైతే వాటిని ఫోన్‌లో మళ్ళీ అతికించే సమాచారానికి కొంత చోటు పోతుంది, అందుకే ముక్కకి 70 కాదు, 67 మాత్రమే మిగులుతాయి. ఇంగ్లిష్ అయితే 160 బదులు 153. కస్టమర్‌కి ఒకే మెసేజ్‌గా కనబడుతుంది. మెసేజ్‌లు పంపే సర్వీసులో మీ ఖాతా నుంచి మాత్రం రెండు క్రెడిట్లు, అంటే రెండు మెసేజ్‌ల ఖర్చు, తగ్గుతాయి.

మరి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే సరిపోదా? నేనూ రెండు వారాలు అలాగే పంపాను. కుర్రవాళ్ళు చదువుకున్నారు. పెద్దవాళ్ళు ఫోన్ చేసి "ఏమని రాశావు నాయనా?" అని అడిగారు. అందుకే మళ్ళీ తెలుగుకే వచ్చేశాను. రెండు క్రెడిట్లు అయినా పరవాలేదు, మూడో ముక్క మాత్రం రాకుండా చూసుకుంటాను. ఈ ఖర్చు నాకు భారం అనిపించలేదు. చదవలేని మెసేజ్‌కి ఒక్క క్రెడిట్ పెట్టినా అది వృథాయే.

ఆ రెండు వారాల్లోనే ఇంకో దెబ్బ తగిలింది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన 150 అక్షరాల మెసేజ్ చివర ముచ్చటగా ఒక టమాటా ఎమోజీ పెట్టాను. ఆ ఒక్క ఎమోజీతో మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి మారిపోయింది. ఒక క్రెడిట్‌తో పోవాల్సింది మూడైంది. లిస్టు మొత్తానికి మూడు రెట్లు! కంప్యూటర్‌లో టైప్ చేసి అతికించేటప్పుడు వచ్చే వంకర కోట్ గుర్తులు కూడా ఇదే పని చేస్తాయి. నేను వాడిన సర్వీసులో పంపే ముందు ఎన్ని క్రెడిట్లు అవుతాయో చూపించేది కాదు, బిల్లు చూశాకే తెలిసింది. మీరు ఏ సర్వీసు తీసుకున్నా ముందు ఇదొక్కటి చూడండి: టైప్ చేస్తుండగానే పక్కన అక్షరాల లెక్క, ముక్కల లెక్క కనబడాలి. కనబడకపోతే వద్దు.

టైమ్ విషయంలో కూడా ఒకటి నేర్చుకున్నాను. కస్టమర్ ఫోన్ ఆఫ్‌లో ఉంటే మెసేజ్ మాయమైపోదు. నెట్‌వర్క్ సెంటర్‌లో దాచి ఉంచి, ఫోన్ ఆన్ అయ్యాక అందిస్తారు. మామూలుగా ఇది మంచిదే. కానీ తోట మెసేజ్‌కి ఇదే గొడవ. "ఈరోజు 6 లోపు రండి" అన్న మెసేజ్ ఒకాయనకి మర్నాడు పొద్దున చేరింది. ఆయన సంచీ పట్టుకుని వచ్చారు, బుట్టలన్నీ ఖాళీ. అంత దూరం వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఎంత బాధగా ఉంటుందో! అప్పటి నుంచి "ఈరోజు" అని రాయను, "మంగళవారం" అని వారం పేరు రాస్తాను. కొన్ని సర్వీసుల్లో మెసేజ్‌కి గడువు పెట్టొచ్చు. ఆరు గంటల్లో చేరకపోతే ఇక పంపకు అని. ఆ సెట్టింగ్ ఉన్న సర్వీసు దొరికితే వదలకండి.

ఇంకొకటి, కోత కాకముందు మెసేజ్ పంపకండి. కోసి, ఏరి, తూచి, ఎన్ని కిలోలు అమ్మకానికి ఉన్నాయో తెలిశాకే పంపండి. వాన పడి కోత ఆగిపోతే "క్షమించండి, ఈరోజు లేదు" అని ఇంకో మెసేజ్ పెట్టాల్సి వస్తుంది. దానికీ క్రెడిట్ పోతుంది, దానికంటే ఎక్కువగా నమ్మకం పోతుంది.

రిప్లైల గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. బల్క్ సర్వీసులు చాలావరకు రెండు రకాలుగా పంపుతాయి. ఒకటి, నంబర్ బదులు మీ తోట పేరు కనబడేది. చూడటానికి బాగుంటుంది, కానీ దానికి కస్టమర్ రిప్లై ఇవ్వలేడు. రెండోది, మామూలు నంబర్ నుంచి వచ్చేది, దీనికి రిప్లై ఇవ్వొచ్చు. నేను ముందు పేరు తీసుకున్నాను, ఇప్పుడు నంబర్‌కి మారాను. పేరు మెసేజ్ మొదట్లో రాసుకుంటే సరిపోతుంది. "2" అని ఒక్క అంకె పంపితే రెండు కిలోలు వాళ్ళ పేరున పక్కన పెడతాను. అమ్మకం మొత్తం ఈ ఒక్క అంకె మీద నడుస్తోందండీ. కస్టమర్‌కి ఫారం నింపే పని లేదు, లింకు నొక్కే పని లేదు. లింకులు అసలు పెట్టొద్దని కూడా చెబుతాను. మోసపు మెసేజ్‌లు చూసి చూసి జనం లింకంటేనే భయపడుతున్నారు. పొట్టి లింకులనైతే నెట్‌వర్క్ వాళ్ళే ఆపేస్తున్న సందర్భాలున్నాయి.

ఉన్న సరుకు కంటే ఎక్కువ రిప్లైలు వస్తే? వస్తాయి. ముందు వచ్చినవాళ్ళకి ముందు అనే పద్ధతి మెసేజ్‌లోనే ఉండాలి, అందనివాళ్ళకి వెంటనే "అయిపోయాయి, ఈసారి మీకే ముందు" అని చెప్పాలి. నేను అలాంటి పేర్లకి పుస్తకంలో చుక్క పెట్టుకుంటాను. తర్వాతి కోతకి వాళ్ళకి పావుగంట ముందు మెసేజ్ వెళ్తుంది. ఆ పావుగంట చాలా పెద్ద మర్యాద అని వాళ్ళ మాటల్లోనే విన్నాను.

వాట్సాప్ గ్రూపుతో పోల్చమంటారా? ఫోటోలు పంపాలంటే గ్రూపే మేలు, ఎస్ఎంఎస్‌లో ఫోటో వెళ్ళదు. కానీ గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనబడతాయి. ఒకరు "రెండు కిలోలు" అంటే కింద నలభై మెసేజ్‌లు పడతాయి, అసలు విషయం పైకెళ్ళిపోతుంది. మొక్కల కబుర్లకి గ్రూపు ఉంచుకున్నాను, అమ్మకానికి మాత్రం ఎస్ఎంఎస్సే. ఇక ధాన్యం, పప్పుల్లాంటి నిల్వ ఉండే సరుకు అమ్మేవాళ్ళకి ఇది పెద్దగా అవసరం లేదు. వాళ్ళకి తొందర లేదు కదా.

డెలివరీ రిపోర్ట్ చూసి మురిసిపోకండి. "డెలివర్డ్" అంటే ఫోన్‌కి చేరిందని మాత్రమే, చదివారని కాదు. ఎస్ఎంఎస్‌లో చదివారో లేదో తెలిసే దారి లేదు. నేను చూసే లెక్క వేరు. సాయంత్రం ఆరున్నరకి బల్ల మీద ఎన్ని బుట్టలు మిగిలాయి? అంతే. పుస్తకంలో ప్రతి కోత రోజూ ఆ అంకె రాసుకుంటున్నాను.

ఇప్పుడు టైమ్ పదిన్నర. ఈరోజు కోత అయిపోయింది, తూకం కూడా అయింది. ఇదిగో, తోట పేరు తర్వాత మెసేజ్ ఇలా ఉంది. "మంగళవారం బెండకాయ 30 కిలోలు. 6 వరకు." పంపుతున్నాను. పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చుంటాను... ఇదిగో వచ్చేసింది మొదటి రిప్లై. "1". ఈ నంబర్ నాకు గుర్తేనండీ. ఆ రోజు ఫోన్ చేసి అడిగిన పెద్దావిడది. పోయిన నెల తనే వచ్చి పుస్తకంలో రాసి వెళ్ళారు.