ఎన్యూరిజంతో పాటు పుట్టుకతో వచ్చిన రక్తనాళం తేడా: రిపోర్టులో రెండూ ఉంటే?

నమస్కారం. మెదడు స్కాన్ తీయిస్తే కొందరి రిపోర్టులో రెండు విషయాలు కలిసి వస్తాయి. ఒకటి ఎన్యూరిజం. రెండోది, ఒక ధమని పుట్టుకతోనే మామూలుకు భిన్నంగా ఉందని. చదవగానే టెన్షన్ పుడుతుంది. తప్పు లేదు. కానీ ఈ రెండూ ఒకే రకం విషయాలు కావు.

ఎన్యూరిజం అంటే ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం. పెద్దవాళ్లలో దాదాపు 3 శాతం మందికి ఉంటుందని అంచనా. చాలావరకు అవి పగలవు. ధమని రెండుగా చీలే చోట రక్తప్రవాహం గోడను బలంగా తాకుతుంది కాబట్టి, ఎక్కువగా అక్కడే వస్తాయి.

ఇక పుట్టుకతో వచ్చే తేడాలు. పిండం కొన్ని మిల్లీమీటర్లే ఉన్నప్పుడు మెదడు వెనుక భాగానికి రక్తం మెడ ముందువైపు నుంచి వచ్చే కెరోటిడ్ ధమని ద్వారానే అందుతుంది. అందుకోసం ఏర్పడే తాత్కాలిక దారుల్లో ఒకటి ట్రైజెమినల్ ఆర్టరీ. పని అయ్యాక అది మూసుకుపోవాలి. వెయ్యి మందిలో ఒకరి నుంచి ఆరుగురి దాకా అది అలాగే మిగిలిపోతుంది. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

మరి ఆ నాళం వల్లే ఎన్యూరిజం వచ్చిందా? డాక్టర్లు రాసిన పాత అధ్యయనాలు చూస్తే అలాగే అనిపిస్తుంది. అయితే ఆ రోజుల్లో యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే పరీక్ష) చేసింది ఎక్కువగా అప్పటికే జబ్బుపడ్డవాళ్లకే. వాళ్లలో ఎన్యూరిజంలు ఎక్కువ కనబడటంలో వింత లేదు. తర్వాతి పరిశీలనల్లో ఈ నాళం ఉన్నవాళ్లకూ మిగతావాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. అందుకే 'ఇది ఉంటే అది తప్పదు' అని భయపెట్టే మాటలు నేను ఒప్పుకోను.

అన్ని తేడాలకూ ఇదే వర్తించదు. ఎజైగస్ ఆర్టరీ అనే తేడాలో, మెదడు ముందు భాగానికి రెండుగా వెళ్లాల్సిన ధమనులు ఒకే కాండంగా ఉంటాయి. రెండు వైపుల రక్తమూ ఆ ఒక్కదాంట్లోనే. అది రెండుగా చీలే చోట ఎన్యూరిజం వచ్చే అవకాశం ఎక్కువన్నది డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి. అక్కడి ఎన్యూరిజంలోకి రక్తం వెళ్లకుండా బయటనుంచి క్లిప్ పెట్టినా, లోపల సన్నని తీగ చుట్టలు (కాయిల్) నింపినా, ఆ కాండం మూసుకుపోతే దెబ్బ ఒక వైపుతో ఆగదు, రెండు కాళ్లూ పడిపోవచ్చు. అందుకే చికిత్సకు ముందు ఏ నాళం ఎటు రక్తం ఇస్తోందో యాంజియోగ్రామ్‌లో పూర్తిగా చూడాలి. చిన్న ఎన్యూరిజం అయితే వెంటనే ఆపరేషన్ లేకుండా, స్కాన్లతో గమనిస్తూ ఉండొచ్చు. బీపీ అదుపులో ఉండాలి, పొగ మానేయాలి.

ఒక్క క్షణంలో, ఎన్నడూ ఎరగనంత తీవ్రంగా తలనొప్పి వస్తే మాత్రం ఎదురుచూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

రిపోర్టులో ఇలాంటి నాళం పేరు ఉంటే ఆ స్కాన్లు జాగ్రత్తగా దాచండి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి ముక్కు ద్వారా చేసే ఆపరేషన్‌లో కూడా, ఆ దారిలోనే మిగిలిపోయిన ట్రైజెమినల్ ఆర్టరీ ఉండొచ్చు. సర్జన్‌కు ఆ సంగతి ముందే తెలియాలి.