డే కేర్‌లో చేర్చే ముందు: ఏం చూడాలి, ఏం అలవాటు చేయాలి

నమస్తే. పసిపిల్లల్ని డే కేర్‌లో చేర్చే ముందు అక్కడ ఏం గమనించాలో, ఇంట్లో ఏం అలవాటు చేయాలో ఈ వీడియోలో చూద్దాం. ఏడాది లోపు పిల్లల గురించే ఎక్కువ చెప్తాం. ఏం జరిగిందో వాళ్లు నోటితో చెప్పలేరు కదా.

వెతకడం మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. నెలల పిల్లల్ని చూడటానికి ఎక్కువమంది మనుషులు కావాలి కాబట్టి, వాళ్లకు సీట్లు తక్కువే ఉంటాయి.

చూడటానికి రెండుసార్లు వెళ్లండి. ఒకసారి చెప్పి, ఇంకోసారి భోజనానికీ నిద్రకీ మధ్య వేళలో. అందరికీ ఒకేసారి ఆకలి, నిద్ర, ఏడుపు వచ్చే సమయం అది. రంగుల గోడలు, బొమ్మలు కాసేపు పక్కన పెట్టి మనుషుల్ని చూడండి. ఏడుస్తున్న బిడ్డ దగ్గరికి ఎంతసేపటికి వచ్చారు? ఎత్తుకున్నాక మొహంలోకి చూసి మాట్లాడారా, లేక చంకన వేసుకుని పనిలో పడ్డారా? ఒక మనిషికి ఎంతమందో మీరే లెక్కపెట్టండి. ఏడాది లోపు వాళ్లయితే ముగ్గురు, మహా అయితే నలుగురు. తర్వాత ఈ ప్రశ్న అడగండి: "మీరు ఒకరికి డైపర్ మారుస్తుంటే మిగతావాళ్లను ఎవరు చూస్తారు?" తడుముకోకుండా జవాబు రావాలి.

ఇప్పుడు నిద్ర. దీంట్లో మాత్రం రాజీ పడొద్దు. పిల్లల్ని వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. దిండు, దుప్పటి, మెత్తటి బొమ్మలు ఉండకూడదు. ఇంట్లో వెల్లకిలా పడుకునే బిడ్డను అక్కడ కొత్తగా బోర్లా పడుకోబెడితే నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం మరీ పెరుగుతుంది. "బోర్లా వేస్తే త్వరగా పడుకుంటారండీ" అని ఎవరైనా అంటే, ఇంకో చోటు చూసుకోండి.

డైపర్ మార్చే చోటు, తిండి పెట్టే చోటు వేరుగా ఉండాలి. మార్చిన ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. శానిటైజర్ ఒక్కటే చాలదు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌లు దానికి లొంగవు.

తల్లిపాలు తాగే బిడ్డకు సీసా అలవాటు రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. మొదట్లో అమ్మ కాకుండా వేరేవాళ్లు పట్టాలి. అమ్మ వాసన తగిలితే చాలామంది పిల్లలు సీసా ముట్టరు. పిండిన పాలు గది ఉష్ణోగ్రతలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంటాయి. ప్రతి సీసా మీద పేరు, తేదీ, పిండిన సమయం రాయండి. తాగగా మిగిలిన పాలు 2 గంటలు దాటితే పారబోయాల్సిందే. మైక్రోవేవ్‌లో వేడిచేయొద్దని చెప్పండి: సీసా పైకి గోరువెచ్చగా తగిలినా లోపల అక్కడక్కడా పాలు మరిగిపోయి నోరు కాలుతుంది. వేడినీళ్ల గిన్నెలో సీసాను నిలబెడితే చాలు.

ఇక అలవాటు చేసే వారం. మొదటిరోజు మీరు పక్కనే ఉండి ఒక గంట. రెండోరోజు అరగంట బయటికి వెళ్లి రండి. మూడోరోజు రెండు గంటలు. నాలుగోరోజు నిద్ర కూడా అక్కడే. బెంగ పడితే ముందురోజు చేసిందే మళ్లీ చేయండి, తొందర లేదు. సుమారు 8 నెలల నుంచి ఏడాదిన్నర దాకా వదిలి వెళ్తే ఏడవడం ఎక్కువగా ఉంటుంది, అది ఎదుగుదలలో భాగమే. చాలామంది చేసే పొరపాటు, బిడ్డ ఆటలో ఉన్నప్పుడు చప్పుడు చేయకుండా జారుకోవడం. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది గానీ, అమ్మానాన్నలు ఎప్పుడు మాయమవుతారోనని మర్నాటి నుంచి బిడ్డ చెయ్యి వదలదు. ముద్దు పెట్టి, "నిద్ర లేచాక వస్తాను" అని చెప్పి బయల్దేరండి. మళ్లీ వెనక్కి రావొద్దు.

సంచిలో రెండు జతల బట్టలు, రెండు మూడు గంటలకు ఒక డైపర్ లెక్కన పైన ఇంకో రెండు పెట్టండి. మందు ఇవ్వాల్సి వస్తే బిడ్డ బరువును బట్టి డాక్టర్ రాసిన మోతాదు కాగితం కూడా ఉండాలి.

మొదటి నెలల్లో జలుబులు వరసగా వస్తాయి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరితే సాధారణంగా ఇంటికి తీసుకెళ్లమంటారు. ఫోన్ వస్తే వెంటనే వెళ్లగలిగేవాళ్లను ఇద్దరిని ముందే అనుకుని, వాళ్ల పేర్లు డే కేర్‌లో రాయించండి. ఆ జాబితాలో లేనివాళ్లకు బిడ్డను ఇవ్వకూడదన్న నియమం అక్కడ ఉందో లేదో అదే రోజు అడగండి.