ఇంటిపేరు వదిలేయండి, ఊరు పట్టుకోండి: వేల్స్ పూర్వీకులపై ఫోన్-ఇన్

యాంకర్: లాలాగూడ నుంచి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా ముత్తాతది వేల్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయి. తర్వాత ఇక్కడ రైల్వేలో చేరి, సికింద్రాబాద్ చర్చిలో పెళ్లి చేసుకున్నారు. వేల్స్‌లో వాళ్ల ఊరి పక్కన ఏరు పారేదని అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది... ఇంటిపేరు ప్రైస్. ప్రైస్‌లది ఏ ఊరండీ?

నిపుణుడు: అందరూ అక్కడే పొరబడతారమ్మా. మనకు చాలా ఇంటిపేర్లు ఊళ్లను బట్టి వచ్చాయి. వాళ్లకు తండ్రి పేరు నుంచి వచ్చాయి. 'అప్ రీస్' అంటే రీస్ కొడుకు, అదే ప్రైస్ అయింది. అలాంటివాళ్లు వేల్స్ అంతటా ఉంటారు. ఇంటిపేరు వదిలేయండి, ఊరు పట్టుకోండి.

కాలర్: బైబిల్ మొదటి పేజీలో రాసుందండీ. 'లాన్‌ఫైర్', పక్కన 'సి'. మిగతాది నీళ్లు పడి చెరిగిపోయింది.

నిపుణుడు: 'లాన్‌వైర్' అనాలి. అంటే మేరీమాత చర్చి. ఆ పేరుతో బోలెడు ఊళ్లున్నాయి. 'సి'తో పోవిస్ జిల్లాలో లాన్‌వైర్ కైరైనియన్ ఉంది, అక్కడ బాన్వి నది. కెరెడిగియన్ జిల్లాలో లాన్‌వైర్ క్లదోగై ఉంది, అక్కడ తైవి నది. ఏరుతో తేలదు. మెడల్స్ ఉన్నాయా?

కాలర్: వెండిది ఒకటుంది, గుర్రం బొమ్మది. ఉండండి, తెస్తా.

యాంకర్: ఈలోగా వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి ఇంకో కాలర్.

కాలర్ 2: మా ఆవిడ ముత్తాత 1916లో ఫ్రాన్స్‌లో మామెట్స్ అడవి యుద్ధంలో ఉన్నారు. సర్వీసు ఫైలు దొరకట్లేదు.

నిపుణుడు: 1940 సెప్టెంబరులో లండన్ మీద పడిన బాంబులకు ఆ ఫైళ్లలో సగానికి పైగా కాలిపోయాయి. ఎవరికి ఏ మెడల్ వచ్చిందో రాసిన మెడల్ కార్డులు మిగిలాయి, అవి చూడండి.

యాంకర్: థాంక్యూ. లాలాగూడ?

కాలర్: తెచ్చానండీ. వెనక పేరేమీ లేదే!

నిపుణుడు: వెనక కాదమ్మా, అంచు మీద. లైటు కింద మెల్లగా తిప్పండి.

కాలర్: ఆఁ... అంకెలు... పి.టి.ఇ... ప్రైస్... ఆర్.డబ్ల్యూ.ఫస్. అయ్యో, ఏటా క్రిస్మస్‌కి తుడుస్తున్నా, ఎప్పుడూ చూడలేదండీ!

నిపుణుడు: పి.టి.ఇ. అంటే ప్రైవేట్, మామూలు సిపాయి. చివరిది రాయల్ వెల్ష్ ఫ్యుజిలియర్స్, ఆయన రెజిమెంటు. ముందున్న అంకెలు ఆయన సిపాయి నంబరు. ఆ నంబరు రాసి దాచుకోండి. ప్రైస్‌లు చాలామంది ఉంటారు, మీ ముత్తాతను వేరుచేసేది ఆ నంబరే.

కాలర్: అయితే ఊరు పోవిస్‌లోదేనా?

నిపుణుడు: తొందరపడొద్దు. ఆ రెజిమెంటు పోవిస్ వైపు వాళ్లను తీసుకునేదే అయినా, వేరే జిల్లాల వాళ్లనూ అందులో వేసేవారు. ముందు పెళ్లి రిజిస్టరు చూడండి. సికింద్రాబాద్ చర్చిల నకళ్లు మద్రాసు రికార్డుల్లో కలిసి లండన్ వెళ్లాయి. బ్రిటిష్ లైబ్రరీలో ఆ మద్రాసు రికార్డుల వరుసకు ఎన్/2 అని గుర్తు. అందులో వరుడి తండ్రి పేరుంటుంది. ఆ పేరుతో 1901, 1911 జనాభా లెక్కల్లో రెండు ఊళ్లూ వెతకండి.

కాలర్: ప్రైస్ అని కొట్టి వెతికితే...

నిపుణుడు: వద్దన్నాను కదా తల్లీ. ఊరు.

యాంకర్: నెక్స్ట్ కాలర్... హలో? లైన్ కట్టయింది.