అద్దె ఇంట్లో మొక్కకు చోటివ్వండి

అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, ఇంత ఎండలోనూ వచ్చిన కాలనీవాసులందరికీ నమస్కారం.

‘చిన్న ఇళ్లలో మొక్కలతో అలంకరణ’ గురించి మాట్లాడమన్నారు. అలంకరణకు ముందు వెలుతురు సంగతి చూసుకోవాలి. మన హైదరాబాద్‌లో చాలా ఫ్లాట్లకు పక్క బిల్డింగు గోడే కిటికీకి అడ్డం. మిట్టమధ్యాహ్నం కూడా హాల్లో ట్యూబ్‌లైట్ వెలగాల్సిందే. అలాంటి చోట, ఫొటోలో బాగుందని రంగురంగుల క్రోటన్ తెచ్చిపెడితే ఆకులన్నీ రాలిపోతాయి. మధ్యాహ్నం లైట్లన్నీ ఆపేసి, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్లకాగితం పరిచి, దాని మీద చెయ్యి చాపి చూడండి. నీడ స్పష్టంగా పడితే చాలా మొక్కలు బతుకుతాయి. మసగ్గా పడితే మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ పెట్టుకోండి. నీడే పడకపోతే అక్కడ మొక్కను పెట్టకండి, పాపం.

చిన్న గదిలో నేల ఖాళీగా ఉండాలి. మొక్కల్ని గోడకి, గ్రిల్‌కి, బీరువా పైకి ఎక్కించండి. మూలకొకటి కాకుండా మూడు నాలుగు ఒకే చోట, ఎత్తుపల్లాలుగా పెడితే కంటికి నిండుగా ఉంటుంది. కొత్త కుండీలకు డబ్బు పోయక్కర్లేదు. అటక మీది ఇత్తడి గంగాళం దించి, అడుగున చిల్లులున్న నర్సరీ కుండీని అందులో దింపండి. నీళ్లు పోసేటప్పుడు మాత్రం బయటికి తీయండి, లేదంటే వేరు కుళ్లుతుంది.

గాలి శుభ్రమవుతుందని మొక్కలు అమ్ముతున్నారు. దానికి ఆధారంగా చూపేది 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన పరిశోధన, అది మూసేసిన పెట్టెల్లో జరిగింది. మామూలు ఇంట్లో రెండు కుండీల వల్ల గాలి మారదు, కిటికీ తెరిస్తే మారుతుంది. మొక్కను మొక్క కోసమే పెంచుకుందాం.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మేము చిక్కడపల్లిలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నాన్న పోయాక అమ్మ ఊరు వదిలి మా దగ్గరికి వచ్చింది. వస్తూ బస్సులో ఒళ్లో పెట్టుకుని తులసి, కరివేపాకు, ఒక మల్లె అంటు తెచ్చుకుంది. మెట్ల పక్కన పెట్టుకుంది. ఓనరు చూసి, ‘టైల్స్ పాడవుతాయి, సాయంత్రానికల్లా తీసేయండి’ అన్నారు. అమ్మ ఎదురు మాట్లాడలేదు. ఒక్కొక్కటే కిందికి మోసుకెళ్లి గుడి పూజారిగారికి ఇచ్చి వచ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే లేచినా ఆవిడకి చేయడానికి పని లేదు. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా మా ఇంట్లో పచ్చటి ఆకు లేదు. ఎన్నేళ్లయినా నాకది మరుపు రావడం లేదు.

ఈ హాల్లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ భయాలు నిజమైనవే. మరకలు పడతాయి, నిజమే, ప్రతి కుండీ కింద ప్లేటు పెట్టించండి. డెంగ్యూ దోమ నిలవ నీళ్లలోనే పెరుగుతుంది కాబట్టి వారానికొకసారి ఆ ప్లేట్లు ఒంపి, తుడిచి పెట్టమనండి. పిట్టగోడ మీద కుండీ వద్దు, కింద నడిచేవాళ్ల నెత్తిన పడుతుంది, అది గట్టిగానే చెప్పండి. బరువు ఎక్కువనిపిస్తే మట్టిలో సగం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, కలుపుకోమనండి. ఇన్ని దారులుండగా ‘మొక్కలు వద్దు’ అని ఎందుకనాలి?

అద్దెకుండే అక్కచెల్లెళ్లకు ఒక మాట. పసిపిల్లలుంటే మనీ ప్లాంట్, తెల్లమచ్చల వెడల్పాటి ఆకులుండే డిఫెన్‌బేకియా అందనంత ఎత్తులో పెట్టండి, ఆకు నమిలితే నోరు మండుతుంది.

కార్యదర్శిగారూ, మీటింగు పుస్తకం మీ చేతిలోనే ఉంది కదా. అద్దెకుండేవాళ్లు ప్లేట్లు పెట్టుకుని, దారికి అడ్డం లేకుండా, గుమ్మం దగ్గరో బాల్కనీలోనో కుండీలు పెట్టుకోవచ్చని ఒక తీర్మానం రాయండి. ఒప్పుకునే ఓనర్లు భోజనాలకు లేచేలోపు సంతకం పెట్టండి. పెన్ను ఇదిగో.