ఆవకాయ మూడో రోజు

శ్రోతలకు నమస్కారం.

2021 మే నెల. విజయవాడలో మాది రెండు గదుల పోర్షన్. కొత్తావకాయ పెట్టిన మూడో రోజున, తిరగ కలపడానికి మా అమ్మ జాడీ మూత తీసింది. పక్కనే ఉన్న నా భార్య వంగి చూసి, "అత్తయ్యా, ఆవపిండి వేయడం మరిచిపోయారా? ఘాటే లేదు" అంది. యాభై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్న మనిషితో అనవలసిన మాట కాదది. అమ్మ ముఖం ముడుచుకుంది. తగవు తీరుద్దామని నేను జాడీలోకి ముఖం పెట్టాను. ముక్కు అదిరిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తరువాత కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆ రోజుల్లో వాసన తెలియకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

కరోనా పరీక్షలో నా భార్యకు పాజిటివ్ వచ్చింది. అమ్మకు, మా అమ్మాయికి, నాకు నెగెటివ్. దాంతో జబ్బు వచ్చిన ఆమెది ఐసొలేషన్, ఆమెతో కలిసి మెలిసిన మాది క్వారంటైన్. ఈ రెండో మాటకు మూలం ఇటలీ భాషలో నలభై అనే అంకె. వెనిస్ రేవుకు వచ్చిన ఓడలను ప్లేగు భయంతో నలభై రోజులు దూరంగా నిలిపేవారు. మన లెక్కలో చెప్పాలంటే ఒక మండలం. మాకు అంత దీక్ష అక్కర్లేకపోయింది. లక్షణాలు కనిపించిన నాటి నుంచి పది రోజులు గడవాలి, చివరి మూడు రోజులూ జ్వరం రాకూడదు అని డాక్టరు ఫోనులో చెప్పారు. గాలి, వెలుతురు ఉన్న ప్రత్యేక గది, దానికి విడిగా బాత్‌రూము ఉండాలన్నారు. ఉన్న రెండు గదుల్లో ఒకటి ఆమెకు ఇచ్చేశాం. మిగిలిన ముగ్గురం వంటింటిని ఆనుకున్న గదిలో సర్దుకుని, పెరటి వైపు బాత్‌రూముతో కాలక్షేపం చేశాం.

అమ్మకు ఇదేమీ కొత్తగా అనిపించలేదు. "అమ్మవారు పోస్తే మేము చేసిందీ ఇదే కదురా. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లం, బయటివాళ్లను రానిచ్చేవాళ్లం కాదు, ఇంట్లో తాలింపు వేసేవాళ్లం కాదు" అంది. ఆ ఆఖరి మాట నాకు బాగా నచ్చింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. పొయ్యి నా చేతికి వచ్చింది. తాలింపు లేని వంట అంటే సగం కష్టం తగ్గినట్టే. కానీ లోపలి నుంచి ఫోను వచ్చింది. "ఏమండీ, నాకు వచ్చింది ఆటలమ్మ కాదు, పప్పులో పోపు పెట్టండి" అని.

గోడకు ఇవతల నేను, అవతల ఆమె. అయినా ఫోనులోనే మాట్లాడుకునేవాళ్లం. ఆమెకు వాసన లేదు కనుక చప్పుడును బట్టి వంట నడిపించేది. "ఆవాలు చిటపటలాడాయా? ఆడలేదు, నాకు వినబడలేదు. అప్పుడే మిరపకాయలు వేసేశారా?" అని తలుపు అవతలి నుంచే పట్టేసేది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో మా ఇంటి పోపు చప్పుడు నేను ఏనాడూ చెవిపెట్టి విన్నవాణ్ని కాను.

కంచం గడప దగ్గర నేల మీద పెట్టి తలుపు తట్టి తప్పుకోవాలని నా ఆలోచన. అమ్మ ఒప్పుకోలేదు. "ఇంటి కోడలికి అలా పెడతామా?" అంటూ పెళ్లినాటి పీట ఒకటి అటక మీద నుంచి దింపించి గడప ముందు వేయించింది. పది రోజులూ ఆ పీట మీదే కంచం. తిన్న కంచం ఆమే కడుక్కునేది. పాలతను ప్రహరీ గోడ మీద పెట్టిన గిన్నెలో జాన ఎత్తు నుంచి పాలు పోసి వెళ్లేవాడు. మధ్యాహ్నం పన్నెండుకు కర్ఫ్యూ. మేము గడప దాటకూడదు కనుక కూరలు ఎదురింటివారు తెచ్చి గేటుకు తగిలించేవారు. పక్క వాటావారు మాత్రం మా వైపు కిటికీ మూసేశారు. వారి ఇంట్లో నెలల పిల్ల ఉంది, తప్పు పట్టలేదు.

పొద్దున, సాయంత్రం రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు వేలికి పెట్టుకుని ఆమె అంకె కేకేసి చెప్పేది. మా అమ్మాయి దాన్ని గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలో రాసేది. గ్యాసు బండ వచ్చిన తేదీ, పాల లెక్క, వాటి పక్కన 97, 96. ఆరో రోజు సాయంత్రం 93 అంది. తొంభై నాలుగు కంటే తగ్గితే ఆసుపత్రికి అని ముందే విన్నాం. ఆ మే నెలలో మంచం దొరకడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. డాక్టరు బోర్లా పడుకోమన్నారు. ఆమె బోర్లా పడుకుంది, నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. అరగంటకు 95. పాప గడిలో 93 కొట్టేసి 95 రాయబోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని, "రెండూ ఉండనీ" అంది. ఆ క్యాలెండరు ఇంకా మా బీరువాలో ఉంది.

పది రోజులకు బయటికి వచ్చింది గాని, వాసన వెంటనే రాలేదు. మొదట తెలిసింది ఫినాయిలు. తరువాత కాఫీ, అదీ ఏదో కాలిన వాసనలా. శ్రావణమాసంలో ఒక ఆదివారం జాడీ మూత తీసి, "అత్తయ్యా, ఈ ఏడాది ఆవపిండి కాస్త ఎక్కువైందేమో" అంది.

మా అమ్మ మారు మాట్లాడకుండా జాడీ లాక్కుని వాసెన కట్టేసింది.