జపనీస్‌కి ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి

నమస్కారమండి. జపనీస్ మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి తిప్పుకుని చదువుతారు. సగం కష్టం అక్కడే కొనితెచ్చుకుంటారు. ఈ వాక్యం వినండి: "వతషి వ, ఉచి దె, గొహన్ ఒ, తబెమస్." నేను, ఇంట్లో, అన్నం, తింటాను. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. "తబెతె మిమస్" అంటే? తబెతె, తిని. మిమస్, చూస్తాను. "ఎలా ఉందో తిని చూస్తాను" అంటాం కదా, అచ్చంగా అదే! ఇంగ్లీషులోంచి వచ్చేవాళ్ళు దీన్నొక కొత్త సూత్రంగా బట్టీ పట్టాలి.

ఇక ఉచ్చారణ. ఒబసన్ అంటే పిన్ని, అత్త వరస. ఒబాసన్ అంటే అమ్మమ్మ, నాయనమ్మ. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ళ. హ్రస్వాలు, దీర్ఘాలు, ద్విత్వాలు అన్నీ మన లిపిలో ఉన్నాయి. కాబట్టి రోమన్ అక్షరాలు పక్కనపెట్టి, జపనీస్ లిపుల్లో ఒకటైన హిరగనలోని 46 అక్షరాలు దిద్దుతూ పక్కన తెలుగులో పలుకు రాసుకోండి. మనం పేపర్లో చదివే ఒసాకా నిజానికి ఓసక. ఛందస్సులో మాత్రలు లెక్కపెట్టినట్టే వేలితో బల్ల మీద కొట్టండి: ఒ, ఒ, స, క. నాలుగు. కొన్నిచివకి ఐదు: కొ, న్, ని, చి, వ. ఆ పొల్లు నకారానికీ ఒక మాత్ర పూర్తిగా ఇవ్వాలి. మనవాళ్ళు తొందరలో మింగేసేది దాన్నే.

తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. ఒకటి "లో". ఇంట్లో ఉన్నాను, ఇంట్లో తిన్నాను, మనకి రెండూ ఒకటే. జపనీస్‌లో ఉండడానికి "ని", పని జరగడానికి "దె". తోక్యోలో నివాసమైతే "తోక్యో ని సున్దె ఇమస్", ఉద్యోగమైతే "తోక్యో దె హతరైతె ఇమస్". అందుకే ముందు క్రియ ఏమిటో తేల్చుకుని, తర్వాత విభక్తి పెట్టండి.

రెండోది "గారు". సన్ అంటే గారు అని నేర్పుతారు, తప్పేం లేదు. మన పేరుకి మనం గారు తగిలించుకోం, వాళ్ళూ అంతే. తేడా ఫోన్లో బయటపడుతుంది. మీ మేనేజర్ పేరు తనక. బయటి కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి "తనక సన్ ఉన్నారా" అని మిమ్మల్ని అడిగారనుకోండి. మన నోటికి "సార్ గారు లేరండి" అనే వస్తుంది. అక్కడ మాత్రం "తనక వ ఇమ, సెకి ఒ హజుషితె ఒరిమస్" అనాలి, అంటే ప్రస్తుతం సీట్లో లేరని. సన్ ఉండదు, క్రియ కూడా తగ్గించి చెప్పేదే. బయటివాళ్ళ ముందు మీ మేనేజరు "ఉచి", మీ లోపలి మనిషి. ఆయన్ని పొగిడితే మిమ్మల్ని మీరు పొగుడుకున్నట్టే లెక్క. ఫోన్ పెట్టేసి ఆయన వైపు తిరగ్గానే మళ్ళీ తనక సన్. ఇంట్లో అమ్మని ఒకాసన్ అని పిలిచేవాళ్ళు కూడా, బయటివాళ్ళతో అమ్మ గురించి చెప్పేటప్పుడు హహ అంటారు.

చివరిగా "హై". అవును అనే అర్థం ఉన్నా, మీరు మాట్లాడుతుండగా మధ్యమధ్యలో వచ్చే హై మనం కథ వింటూ కొట్టే ఊఁ లాంటిది. దాన్ని అయిజుచి అంటారు. మీటింగ్‌లో పది సార్లు హై విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. నిర్ణయం ఏమిటో చివర్లో విడిగా అడిగి రాసుకోండి. వాళ్ళు మాట్లాడేటప్పుడు మీరూ ఊఁ కొట్టండి. మౌనంగా కూర్చుంటే వినట్లేదేమోనని ఆగిపోతారు.