స్మూతీ కోసం పెద్ద బ్లెండర్ కొంటున్నారా? ముందు ఒక జామపండు తీసుకురండి

నమస్కారం. ఈ వీడియోలో మీకు ముందుగా చూపించాల్సింది బ్లెండర్ కాదు, ఈ జామపండు. ఇదిగో, బాగా పండింది, లోపల గింజలు మాత్రం రాళ్ళలా ఉన్నాయి. మా వంటగట్టు మీద ఏ యంత్రం ఉండాలో, ఏది అటక మీదికి వెళ్ళాలో తేల్చింది ఇదే.

మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండు వరుసలూ కట్టుడు పళ్ళే. జామపండంటే ఆయనకు ప్రాణం. కానీ కట్టుడు పళ్ళ కింద ఒక్క గింజ చేరిందంటే చిగురు ఒరుసుకుపోయి రెండు రోజులు మెత్తటి అన్నం కూడా తినలేరు. ఆకుకూర పీచుతోనూ అదే బాధ. డాక్టరుగారేమో పళ్ళూ ఆకుకూరలూ మానవద్దన్నారు. అందుకని రోజూ పొద్దున ఒక గ్లాసు స్మూతీ చేసి ఇవ్వడం మొదలుపెట్టాను. వడకట్టి ఇవ్వవచ్చు కదా అని చాలామంది అడిగారు. వడకడితే పీచు జాలిలో ఉండిపోతుంది, గ్లాసులోకి తియ్యటి నీళ్ళు దిగుతాయి. నాకు కావలసింది అది కాదు. పీచు గ్లాసులోనే ఉండాలి, నాలుకకు మాత్రం తగలకూడదు.

ఈ గట్టు మీద మూడు యంత్రాలున్నాయి. ఇది అందరి ఇళ్ళలో ఉండే 750 వాట్ల మిక్సీ. ఇది 400 వాట్ల బుల్లి బ్లెండర్, గ్లాసులో అన్నీ వేసి బోర్లించి తిప్పేది. ఇది 1400 వాట్ల పెద్ద బ్లెండర్. మూడూ మా డబ్బుతో కొన్నవే, ఏ కంపెనీ పంపినవీ కావు. కంపెనీల పేర్లు కూడా చెప్పడం లేదు. మోడళ్ళు మారిపోతూ ఉంటాయి. కొనేముందు ఏం చూడాలో తెలిస్తే ఏ మోడల్ వచ్చినా మీరే తేల్చుకోగలరు.

మూడింటిలోనూ ఒకే కొలత వేశాను. ఒక జామపండు, గుప్పెడు పాలకూర, రెండు గింజ తీసిన ఖర్జూరాలు, రాత్రి నానబెట్టిన నాలుగు బాదం పప్పులు, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన సగం అరటిపండు, ఒక గ్లాసు పలచటి మజ్జిగ. తరవాత మూడింటినీ విడివిడిగా ఈ టీ జాలిలో పోశాను. పారబోయడానికి కాదు, జాలిలో ఏం మిగిలిందో చూడడానికి.

మిక్సీ సంగతి. మధ్యమధ్యలో ఆపుతూ మూడు నిమిషాలు తిప్పాను. బాదం నలిగింది, ఖర్జూరం కలిసిపోయింది. పాలకూర మాత్రం చిన్నచిన్న రేకులుగా తేలుతోంది. జామగింజలు చూడండి, నలగలేదు, రెండుగా పగిలాయి. నాన్నగారి విషయంలో ఇది గింజ కంటే ప్రమాదం, ఎందుకంటే పగిలిన అంచు గుచ్చుకుంటుంది. పైగా అంతసేపు తిరిగేసరికి స్మూతీ గోరువెచ్చగా అయింది.

బుల్లి బ్లెండర్‌లో గడ్డకట్టిన అరటి ముక్కలు బ్లేడు చుట్టూ ఒక గుహలా పేరుకున్నాయి. లోపల బ్లేడు గాలిలో తిరుగుతోంది, పైనున్నదేదీ కిందికి రావడం లేదు. రెండుసార్లు తీసి కుదిపి మళ్ళీ పెట్టాను. జాలిలో దాదాపు అర చెంచా గింజలు మిగిలాయి. మెత్తటి పండ్లకైతే ఇది చక్కటి యంత్రం. బొప్పాయి, సపోటా, మామూలు అరటిపండు, పాలు వేస్తే నిమిషంలో ఒక గ్లాసు తయారవుతుంది, అదే గ్లాసుకు మూత పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోవచ్చు.

పెద్ద బ్లెండర్ ఒక్క నిమిషం లోపే ముగించింది. జాలిలో ఏమీ మిగల్లేదని అబద్ధం చెప్పను. వేలితో రాస్తే సన్నటి రవ్వ తగులుతోంది. కానీ నాన్నగారు ఆ గ్లాసు తాగి, పళ్ళు తీసి కడుక్కుని, 'ఏమీ లేదు' అని తల ఊపారు. నాకు అంతకంటే పెద్ద రివ్యూ అక్కరలేదు.

మరి తేడా ఎక్కడుంది? వాట్లలోనే అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ డబ్బా మీద రాసిన వాట్లు ఆ యంత్రం కరెంటు నుంచి తీసుకునేవి, బ్లేడు దాకా చేరేవి కావు. కొన్నింటి మీద హార్స్ పవర్‌లో రాస్తారు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. 3 హార్స్ పవర్ అని రాసి ఉంటే 2,200 వాట్లు దాటాలి. ఇప్పుడు దాని ప్లగ్గు చూడండి. చిన్న పిన్నుల ప్లగ్గు 6 ఆంపియర్లది. మన 230 వోల్టుల లెక్కన అది మోయగలిగేది 1,380 వాట్లు. అంటే ఆ 3 హార్స్ పవర్ ఏదో ఒక్క క్షణం అందుకునే గరిష్ఠ బలమే తప్ప, మీరు స్మూతీ చేస్తున్నంతసేపూ ఉండేది కాదు. నిమిషానికి ఇన్ని వేల చుట్లు అని రాసేది కూడా సాధారణంగా జార్ ఖాళీగా ఉన్నప్పటి లెక్క. గడ్డకట్టిన మామిడి ముక్కలు పడ్డాక ఎంత వేగం నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న, దానికి డబ్బా మీద జవాబు ఉండదు.

జార్ ఆకారం ఇంకా ముఖ్యం. మన మిక్సీ జార్ పచ్చడికీ పిండికీ పుట్టింది. బ్లేడు అడుగుకు ఆనినట్టు ఉంటుంది, గోడలకు గీతలుంటాయి, ముద్ద తిరిగి తిరిగి బ్లేడు కిందికి వస్తుంది. బ్లెండర్ జార్ పొడుగ్గా ఉండి అడుగున సన్నబడుతుంది. మధ్యలో సుడి పుట్టి, పైనున్నదాన్ని లోపలికి లాగుతుంది. గోదావరిలో సుడిగుండం చూసినవాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. ఇంకో సంగతి, ఈ బ్లేడును చూడండి. కత్తిలా పదునుగా లేదు, మొద్దుగా ఉంది. ఇలాంటి పెద్ద బ్లెండర్లు కొన్నింటిలో ఇది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. ఇది కోయదు, వేగంతో కొట్టి పగలగొడుతుంది. అందుకే గింజ నలుగుతుంది.

అయితే పెద్ద జార్ అందరికీ మంచిది కాదు. 2 లీటర్ల జార్‌లో ఒక్కరికి సరిపడా వేస్తే అంతా గోడలకు చిమ్మి అక్కడే అతుక్కుంటుంది. ఇంట్లో తాగేది ఒకరిద్దరే అయితే లీటరు, లీటరున్నర సన్నటి జార్ ఉన్నదే చూడండి. లోపలికి నొక్కే పొడవాటి కర్ర జతగా ఇస్తారా అని అడగండి. మూత మధ్యలోంచి దించితే బ్లేడుకు తగలకుండా ఆగేలా దాన్ని చేస్తారు. దాని బదులు గరిట పెట్టడం మాత్రం వద్దు.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన విషయం. దీని గురించి చెప్పాలనే ఈ వీడియో చేశాను.

మా అక్క డాలస్‌లో ఉంటుంది. నాన్నగారి ఇబ్బంది విని, కిందటిసారి వచ్చినప్పుడు అక్కడి పెద్ద బ్లెండర్ ఒకటి పెట్టెలో పెట్టుకుని తెచ్చింది. సామాను బరువు సరిపోక తన బట్టలు సగం తీసేసి మరీ తెచ్చింది. నేను బజారుకు వెళ్ళి ప్లగ్గు పిన్ను మార్చే చిన్న అడాప్టర్ కొన్నాను, పెట్టాను, మీట తిప్పాను. ఒక్కసారి గట్టిగా అరిచింది, కాలిన వాసన వచ్చింది, అంతే. పిన్ను మారింది కానీ వోల్టేజీ మారలేదు. అమెరికాలో ఇళ్ళకు వచ్చేది 120 వోల్టులు, మనకు 230. ఆ మోటారుకు దాదాపు రెట్టింపు వోల్టేజీ ఇచ్చాను. తప్పు యంత్రానిది కాదు, నాది. అక్క ఏమీ అనలేదు కానీ తన ముఖం చూడలేకపోయాను.

మన ఊళ్ళలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు లేని వీధి తక్కువ. అందుకే గట్టిగా చెబుతున్నాను. ఫోను ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, అది ఎక్కడైనా పనిచేస్తుంది. బ్లెండర్ అలా కాదు. అడుగున అతికించిన చీటీ మీద 120 అని మాత్రమే ఉంటే ఇక్కడ నేరుగా పెట్టకూడదు. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వాడవచ్చు, కానీ 1400 వాట్ల యంత్రానికి కనీసం 2000 వాట్లది కావాలి. అది బరువైన ఇనప పెట్టె, గట్టు మీద మరో యంత్రమంత చోటు తీసుకుంటుంది. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ కూడా సాధారణంగా వర్తించదు. పిల్లలు ప్రేమతో ఏదైనా ఇవ్వాలనుకుంటే ఇక్కడే కొనమని డబ్బు పంపమనండి, మొహమాటపడకండి.

కాలిపోయిన విదేశీ మిక్సీ అంటే నాకొక పాత సంగతి గుర్తొస్తుంది. 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశాల నుంచి వచ్చిన యంత్రం మన వంటకు ఆగలేక కాలిపోయింది. అప్పుడు ఆయన మన వంటకు తట్టుకునే మోటారుతో తయారుచేసిందే సుమీత్ మిక్సీ. మా అమ్మ దగ్గర ఉండేది. నానిన పప్పు రుబ్బడానికి వేరే రకం బలం కావాలని ఆయన అప్పుడే గుర్తించాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద బ్లెండర్ వచ్చింది కదా అని మిక్సీని ఎవరికో ఇచ్చేయకండి. కొబ్బరి పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారప్పొడి మిక్సీ పనులు. బ్లెండర్ ప్లాస్టిక్ జార్‌లో పసుపు, ధనియాలు ఆడితే జార్ గీతలు పడి మసకబారుతుంది, పసుపు రంగు ఇక పోదు.

కరెంటు సంగతి త్వరగా చెబుతాను. 1400 వాట్లు, ఆ పైన ఉన్నవాటికి గీజరు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. పాత ఇళ్ళలో వంటగదిలో అది ఉండకపోవచ్చు, ముందే చూసుకోండి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో మామూలుగా ఉండే ఇన్వర్టర్ మీద ఇది నడవదు, ప్రయత్నించకండి. బిల్లు గురించి భయం మాత్రం అక్కరలేదు. 1500 వాట్ల యంత్రం రోజూ ఒక నిమిషం తిరిగితే నెలకు ముప్పావు యూనిట్, అంతే.

శబ్దం గురించి భయపడాలి. పెద్ద బ్లెండర్ తిరుగుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట వినిపించదు. మాది అపార్ట్‌మెంట్, కింది ఇంట్లో పసిబిడ్డ ఉంది. అందుకని అడుగున మందపాటి రబ్బరు చాప వేశాను, సమయం ఆరు నుంచి ఆరున్నరకు మార్చాను. గోడకు ఆనించి పెట్టకండి, శబ్దం ఇంకా పెరుగుతుంది.

కడగడం చాలా తేలిక. స్మూతీ పోసిన వెంటనే సగం నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి అర నిమిషం తిప్పి కడిగేస్తే చాలు. ఆరబెట్టి మరీ కడిగితే ఖర్జూరం జిగురు పట్టి విసిగిస్తుంది. బుల్లి బ్లెండర్‌లో బ్లేడు ఉన్న మూతకు రబ్బరు వాషర్ ఉంటుంది, దాన్ని వారానికోసారి తీసి కడగండి. కిందనే పెరుగు పేరుకుని పులిసిన వాసన వస్తుంది. ఇంకొక్కటి, ఆ బుల్లి గ్లాసుల్లో వేడివేడి సూప్ గానీ టీ గానీ వేసి తిప్పకండి. గాలి పోయే దారి లేక ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరిపడుతుంది, చేతులు కాలతాయి.

వేసే వరుస కూడా ఫలితాన్ని మారుస్తుంది. బ్లేడు అడుగున ఉన్న జార్‌లో ముందు మజ్జిగో నీళ్ళో, తరవాత ఆకులు, ఆపైన పండ్లు, చివర గడ్డకట్టినవి. బోర్లించే గ్లాసులో దీనికి సరిగ్గా తిరగేసి వేయాలి. సీతాఫలం వేసేటప్పుడు గింజలు ఒక్కటి కూడా లేకుండా తీయండి, ఎంత శక్తిమంతమైన బ్లెండర్ ఉన్నా సరే. అవి విషపూరితం, నలిగితే ఇంకా ప్రమాదం. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవాళ్ళు పచ్చి పాలకూర రోజూ తాగే ముందు డాక్టరును అడగండి, అందులో ఆక్సలేట్లు ఎక్కువ.

ఇక కొనాలా వద్దా. పది వేల లోపు నుంచి యాభై వేలు దాటేదాకా ఉన్నాయి. మీరు వేసేది అరటిపండు, పాలు, ఖర్జూరం మాత్రమే అయితే పెద్దది కొనకండి, ఇంట్లో ఉన్న మిక్సీ చాలు. ఆ మిక్సీతోనే ఒక నెల రోజూ చేసుకుని చూడండి. నెల తరవాత కూడా తాగుతూ ఉంటే, ఆకుల రేకులూ గింజలూ మీకు అడ్డు వస్తూ ఉంటే, అప్పుడు దుకాణానికి వెళ్ళండి. అక్కడ అడగాల్సింది వాట్లు కాదు. మీ ఊళ్ళో మరమ్మతు కేంద్రం ఉందా, జార్ విడిగా దొరుకుతుందా, దాని ధర ఎంత, మోటారును బ్లేడుకు కలిపే కప్లర్, మోటారు లోపల ఉండే కార్బన్ బ్రష్షులు అరిగితే ఎవరు మారుస్తారు. నేను రెండు దుకాణాల్లో ఈ ప్రశ్నలు అడిగితే జవాబు రాలేదు. మూడో దుకాణంలో విడి జార్ తెచ్చి బల్ల మీద పెట్టారు. అక్కడే కొన్నాను.

వీలైతే తిప్పి చూపించమని అడగండి. నేను సంచిలో రెండు జామపండ్లు, ఒక టీ జాలి పట్టుకెళ్ళాను. దుకాణం అబ్బాయి మొదట ఆశ్చర్యపోయాడు, తరవాత తనే జాలి పట్టుకుని నిలబడ్డాడు.

నాన్నగారి గ్లాసు తయారైంది. ఈ రోజు జామతో పాటు నాలుగు మునగాకు రెమ్మల ఆకు కూడా వేశాను, ఆయనకు ఇంకా చెప్పలేదు. ఆయన తాగాక ఏమన్నారో వ్యాఖ్యల్లో రాస్తాను.